ఎగువకు మోసిన రాళ్ళు

ఆ పదకొండు కుప్పల్నీ చెరిపింది నేనే. ఇంకెవరి మీదా తొయ్యను. మౌసుతో చుట్టూ గీత గీసి, ‘తొలగించు’ నొక్కి, పని తొందరగా తెమిలిందని కాఫీ తెచ్చుకుని తాగాను కూడా. అన్నీ కలిపి నాలుగు నిమిషాలు పట్టిందేమో.

నా పేరు ఓబులేశ్వరి. హైదరాబాదులో మా ఆఫీసు వాళ్ళది ఎత్తుల పటాలు తయారుచేసే పని. విమానం కొండల మీద తిరుగుతూ కిందికి లేజరు కిరణాలు వదులుతుంది. అవి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి అడుగడుక్కీ ఎత్తెంతో తెలుస్తుంది. అయితే లేజరుకు చెట్టూ ఒకటే, బండా ఒకటే, మేకల కొట్టమూ ఒకటే. ఏది అడ్డమొస్తే దాని ఎత్తు రాసుకొస్తుంది. అందులోంచి ఇళ్ళూ చెట్లూ గోడలూ తీసేసి ఒట్టి నేలను మిగల్చాలి. మేం దాన్ని నేలకు నలుగు పెట్టడం అనేవాళ్ళం. నలుగు పెట్టడంలో నన్ను మించినవాళ్ళు మా అంతస్తులో లేరు. గొప్పకు చెప్పడం లేదు. ఆ గొప్పే కొంప ముంచింది కాబట్టి చెప్తున్నాను.

నలుగు పెట్టిన నేల సిద్ధాంతి చేతికి వెళ్ళేది. సిద్ధాంతి అంటే మనిషి కాదు, శేషశాయి గారు పదహారేళ్ళు కూర్చుని రాసిన ప్రోగ్రాము. దాని అసలు పేరు చాంతాడంత ఉండేది, మాకెవరికీ నోరు తిరిగేది కాదు. ఏ కొండ ఎత్తుల పటం ఇచ్చినా సరే, దాని మీద ఏ రోజు ఎంత మంచు పడుతుంది, ఎక్కడ నిలుస్తుంది, ఎక్కణ్ణుంచి ఊడి జారుతుంది అన్నీ అరవై ఏళ్ళకు రోజువారీగా చెప్పేది. గాలినీ మబ్బునీ అడిగితే వారం దాకే చెప్తాయి, నేలను అడగడం వస్తే అరవై ఏళ్ళు చెప్తుందన్నది శేషశాయి గారు కనిపెట్టిన సంగతి. అరవయ్యే ఎందుకు సార్ అని అడిగితే, “ప్రభవ నుంచి అక్షయ దాకా ఒక చుట్టు. పంచాంగం అన్నాక చుట్టు పూర్తి చెయ్యాలి కదమ్మా” అని నవ్వేవారు.

భూమి వేడెక్కి మంచు పడే చోట్లు ఏటికేడు తగ్గిపోతున్న రోజులవి. ఎక్కడెక్కడో కట్టిన స్కీ రిసార్టుల్లో పుష్యమాసంలో కూడా గడ్డి కనబడుతోంది. కాబట్టి కొత్త రిసార్టు ఎవరు కట్టాలన్నా, ముందు సిద్ధాంతిని అడిగి చోటు ఖాయం చేసుకునేవారు.

సిద్ధాంతి మొదట రెండు వందల ఏళ్ళు వెనక్కి నడిచేవాడు, అంటే గతంలో పడిన మంచును లెక్క కట్టేవాడు. అదే అతని గొప్ప. తను చెప్పిన గతానికీ, కొండ మీద మిగిలిన ఆనవాళ్ళకూ, అంటే ముసలి చెట్లకూ, మంచు చీల్చుకుపోయిన చారలకూ, పోలిక కుదరాలి. కుదరకపోతే తప్పు తనదేనని ఒప్పుకుని తన లెక్క తానే దిద్దుకునేవాడు. మనుషుల్లో లేని సుగుణం అని మేమంతా మురిసిపోయేవాళ్ళం.

హిమాలయాల్లో ఝిరాని అని ఒక ఊరు. ముప్పై గడపలుంటాయి. ఊరి పైన పచ్చిక, పచ్చిక పైన నిటారుగా కొండ. అక్కడ రిసార్టు కట్టొచ్చా అని ఒక కంపెనీ వాళ్ళు అడిగారు. ఆ పటం నా వంతు వచ్చింది. ఇళ్ళు తీసేశాను, దేవదారు చెట్లు తీసేశాను. పచ్చిక పై అంచున మనిషెత్తు కుప్పలు పదకొండు మిగిలాయి.

“ఇవేంటమ్మా?” అన్నారు శేషశాయి గారు, వెనక నిలబడి.

“రాళ్ళ కుప్పలు సార్. చేల్లో ఏరి పారేసినవి. మా అనంతపురం వైపు ఏ చేను చూసినా ఇవే. మా నాయన జీవితమంతా పోసినవి ఇవే.”

“మరి నాకన్నా నీకే తెలుసు. తీసెయ్” అన్నారాయన.

తీసేశాను. పచ్చిక అద్దంలా వచ్చింది.

సిద్ధాంతి వెనక్కి నడిచాడు. రెండు వందల ఏళ్ళలో ఏడుసార్లు మంచు కొండ మీదినుంచి ఊడి, పచ్చిక దాటి, ఊరు దాటి, వాగు దాకా పోయి ఉండాలన్నాడు. కానీ అక్కడ చూస్తే మూడు వందల ఏళ్ళ దేవదార్లు నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఊరూ ఉంది. పాపం, సిద్ధాంతి తప్పు తనదే అనుకున్నాడు. ఈ కొండ మీద మంచు తను అనుకున్నంత తొందరగా జారే రకం కాదని లెక్క దిద్దుకున్నాడు. దిద్దుకున్నాక ముందుకు నడిస్తే అరవై ఏళ్ళలో ఒక్క జారుడు కూడా లేదు. ఇంత సాధు మంచు ఇంకే కొండ మీదా చూడలేదని శేషశాయి గారు ఆఫీసంతటికీ మైసూరుపాక్ పంచారు. నేను రెండు తిన్నాను.

నా తమ్ముడు తిప్పేస్వామి సర్వేయరు. అప్పటికి ఏడాదిగా పని లేక ఇంట్లో ఉన్నాడు. కంపెనీ వాళ్ళతో నేనే మాట్లాడి వాణ్ణి ఝిరాని పంపించాను. చలికోటు కొనిచ్చి, రైలెక్కించి, వేళకు తిను, పొద్దస్తమానం ఫోను చూడకు అని నూరు సుద్దులు చెప్పాను. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. “సరే అవ్వా” అని నన్ను ఏడిపించాడు.

చేరిన పది రోజులకు ఫోను చేశాడు.

“అక్కా, నువ్వు పంపిన పటంలో నున్నగా ఉండాది. ఈడ చూస్తే కుప్పలు పదకొండు ఉండాయి. ఏం జేయమంటావు?”

“రాళ్ళే కదరా. డోజరు పెట్టి చదును చేయించు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆ పచ్చికే కావాలంట.”

“చేయిద్దామనే పోయినా. బిష్ణి అని ఒగ అవ్వ వచ్చి కుప్ప మీద అడ్డంగా పండుకోనింది. ఎంత చెప్పినా లేయదు. ఆయమ్మ మాట నాకు తెలీదు, నా మాట ఆయమ్మకు తెలీదు. రెండు చేతులూ చేర్చి, ఇట్ల, రెండు పక్కలకూ విడదీసి చూపిస్తాది. మళ్ళా చేరుస్తాది, మళ్ళా విడదీస్తాది. పొండి పొండి అంటాందేమో.”

“దండం పెట్టి మెల్లగా పక్కకు జరుపు” అన్నాను, నవ్వుతూనే.

“ఇంగొగటి అక్కా. కింద టౌను నుంచి సరుకులు తెచ్చే ఆయప్ప చెప్పినాడు. ఈడ పెండ్లయినాక మొగుడూ పెండ్లామూ చెరొక రాయి ఎత్తుకోని పైకి పోయి ఆ కుప్పల మీద పెడతారంట. అది పెట్టినాకే ఇంట్లోకి రానిస్తారంట.”

“ఊరికో పిచ్చి” అన్నాను.

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఎవరైనా ఊరికో పిచ్చి అంటే లేచి అవతలికి పోతాను.

కుప్పలు చదునయ్యాయి, రిసార్టు లేచింది. ఆ రాళ్ళతోనే రిసార్టు ముందు అందంగా ఒక ప్రహరీ కట్టారు. డిసెంబరులో మంచు పడింది, జనం వచ్చారు. తిప్పేస్వామి అక్కడే నేర్చుకుని, స్కీలు కట్టుకుని నాలుగడుగులు జారి బోర్లా పడిన వీడియో పంపాడు. నాయన దాన్ని పది సార్లు పెట్టించుకుని చూశాడు.

మా నాయన పేరు మారెన్న. మా చేను సోలార్ పలకల కిందికి పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నడుము ముందుకు వంగి ఉంటుంది. నలభై ఏళ్ళు చేలో రాళ్ళు ఏరిన నడుము అది. ఏటా దున్నితే ఏటా లేస్తాయి, ఏటా ఏరాలి. నన్ను మాత్రం ఒక్క రాయి ముట్టనివ్వలేదు. బడికి పోమనేవాడు. నేను కుప్పల్ని ఎరిగింది బస్సు కిటికీలోంచే.

జనవరి పన్నెండు, ఆదివారం. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. రిసార్టు కరపత్రంలో వేసుకోవడానికి ‘అప్పుడు, ఇప్పుడు’ బొమ్మలు కావాలని కంపెనీ వాళ్ళు అడిగితే, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని నలుగు పెట్టని పాత పటం తెరిచాను. నాయన పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు.

“ఏందిమే అవి?”

“కుప్పలు నాయనా. మన చేలో పోసినట్లే. తిప్పడు తీపిచ్చింది ఇవే.”

నాయన పల్లీలు పక్కన పెట్టి ముందుకు వంగాడు. “పల్లం యా దిక్కు?”

చూపించాను.

“అయితే చేలు కింద ఉండాయి, కుప్పలు పైన ఉండాయి.”

“ఊఁ.”

“ఎవుడన్నా పారేసే రాళ్ళను ఎగువకు మోస్తాడా పాపా?” అన్నాడు. “నేను నలభై ఏండ్లు ఏరినా. నడుము ఇరుగుతాంటే ఏ గట్టు దగ్గరైతే ఆ గట్టుకు, అదీ పల్లానికి ఇసిరేస్తాం. ఇవి పారేసినవి గాదు. పెట్టినవి. సూడు, ఒగొగదానికీ ముక్కు పైకి పెట్టినారు. వంకలో నీళ్ళు చీలేకి మనం రాళ్ళు పేరుస్తామే, అట్ల.”

చెప్తూ రెండు చేతులూ చేర్చి, చెరో పక్కకూ విడదీసి చూపించాడు.

బిష్ణి అవ్వ పొమ్మనలేదు. మంచు ఇక్కడికొచ్చి ఇలా చీలుతుందని చెప్పింది. కుప్ప మీద పడుకుని మరీ చెప్పింది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా, పదకొండు కుప్పల్నీ పటంలో తిరిగి పెట్టి సిద్ధాంతికి ఇచ్చాను. వెనక్కి నడిచాడు. ఏడుసార్లూ మంచు వచ్చింది. ఏడుసార్లూ కుప్పల దగ్గర రెండుగా చీలి చెరో పక్క లోయలోకి పోయింది. దేవదార్లు నిలిచాయి, ఊరు నిలిచింది. అతను దిద్దుకోవాల్సింది ఆవగింజంత కూడా లేదు. మొదటిసారి అతను చెప్పిందే నిజం. అబద్ధం చెప్పింది నా పటం.

ఇప్పుడు ఆ నిజమైన లెక్కతో, కుప్పలు లేని నేల మీద ముందుకు నడవమన్నాను. ఎక్కువ దూరం నడవలేదు. ఇరవై మూడో తేదీ, పొద్దున పది గంటలు అన్నాడు.

శేషశాయి గారికి చూపించాను. ఆయన మూడుసార్లు చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “దిద్దుకోవడం నేర్పించింది నేనే కదమ్మా” అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెంటనే కంపెనీ మేనేజరుకు ఫోను కలిపారు.

“అరవై ఏళ్ళు భయం లేదని మీరే సంతకం పెట్టి ఇచ్చారు. ఇప్పుడు పది రోజులంటున్నారు. ఏది నమ్మమంటారు?” అన్నాడు మేనేజరు.

“రెండోది.”

“మూడోది ఎప్పుడిస్తారు?”

శేషశాయి గారు గంటసేపు బతిమాలారు. ఆఖరికి ఇరవై రెండు, ఇరవై మూడు తేదీల్లో రిసార్టు మూసేస్తామన్నాడు. ఊరి సంగతేమిటంటే, ఊరు మాది కాదు కదా అన్నాడు. ఆయన అక్కడి అధికారులకు కూడా ఫోన్లు చేశారు. రిపోర్టు ప్రకారం ప్రమాదం లేదు కదా అన్నారు వాళ్ళు. ఆ రిపోర్టు మాదే.

తమ్ముడికి చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

“తిప్పా, దిగొచ్చేయరా. ఈ పొద్దే బయలుదేరు.”

“అవ్వ చేతులు చూపిస్తే నేను నవ్వినానక్కా.”

“పటంలో చెరిపింది నేను. నీ తప్పేముంది?”

“నువ్వు పటంలో చెరిపినావు. నేను నేల మీద చెరిపినా” అన్నాడు. “వీళ్ళు యాటికి పోతారు? ఆవులుండాయి, గొర్రెలుండాయి, ఈ మంచులో వాటిని తోలుకోని పొయ్యేకి కాదు. ఇప్పటికే ముసలోళ్ళు రోజూ పొయ్యి రెండు రెండు రాళ్ళు పెట్టి వస్తాండారు. పది రోజులుండాయి గదా. పేరుద్దాం.”

రాళ్ళెక్కడివి? రిసార్టు ప్రహరీలో ఉన్నాయి. వాడు గునపం పట్టుకుని ఆ గోడ పడగొట్టడం మొదలుపెట్టాడు. కంపెనీ వాళ్ళు ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేశారు, డోజరు తాళాలు లాక్కున్నారు. ఊళ్ళో నలభై మంది దాకా వచ్చి మోశారు. బిష్ణి అవ్వ కూడా మోసింది.

ఇక్కడ నేనూ ఖాళీగా కూర్చోలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి వాడు ఫోను చేసి చెప్పేవాడు, మొదటిది నాలుగడుగులు లేచింది, రెండోది మూడడుగులు అని. నేను అలాగే పటంలో పెట్టి సిద్ధాంతిని నడిపించేదాన్ని. శేషశాయి గారు పక్కనే కూర్చునేవారు. పదకొండూ అయ్యే పని కాదు. ఎన్నుంటే ఊరు నిలుస్తుంది, ఎక్కడుంటే నిలుస్తుంది అన్నదే లెక్క. మూడోదాన్ని ఎడమకు జరపమని చెప్పేదాన్ని, నాలుగోదాని ముక్కు ఇంకా సన్నం చెయ్యమని చెప్పేదాన్ని. నాయన కూడా నాతో ఆఫీసుకు వచ్చి, ఫోను లాక్కుని, “కింద పెద్దవి పెట్టి సందుల్లో చిన్నవి కొట్టురా, ఊరికే పేరిస్తే దొర్లిపోతాయి” అని గట్టిగా అరిచి చెప్పేవాడు. ఆ పది రోజుల్లో నాయనా తమ్ముడూ నేనూ మాట్లాడుకున్నంతగా అంతకుముందెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇరవయ్యో తేదీకి నాలుగు కుప్పలు. సగం ఊరు నిలుస్తుందన్నాడు సిద్ధాంతి. ఇరవై ఒకటికి ఐదు. తూర్పు వైపు ఎనిమిది ఇళ్ళు తప్ప అన్నీ నిలుస్తాయన్నాడు. ఆ ఎనిమిదింట్లో బిష్ణి అవ్వ ఇల్లొకటి. ఆరోది నిండుగా లేస్తే మొత్తం ఊరు నిలుస్తుంది. ఇరవై రెండు సాయంత్రానికి ఆరోది లేచింది గానీ రెండడుగులు తక్కువ పడింది. రెండు రోజులుగా ఆగకుండా మంచు కురుస్తోంది. చేతులు కొంకర్లు పోయి ఎవరూ రాయి పట్టలేకపోతున్నారన్నాడు.

“ఆ ఎనిమిదిండ్లోళ్ళను పక్కిండ్లల్లో పెట్టు. చాలు. నువ్వు దిగిపో” అన్నాను.

“ఇండ్లు పోతే మళ్ళా యాడ కడతారక్కా. రెండడుగులే గదా. పొద్దున చేసేస్తా. పది గంటలకని గదా అన్నావు?”

“పదికే” అన్నాను.

అన్నాను. లెక్కలో రెండు రోజులు అటూ ఇటూ అవ్వొచ్చని నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా ధీమాగా పదికే అన్నాను. అప్పటికి సిద్ధాంతి ఎప్పుడూ గంట తప్పింది లేదు.

ఇరవై మూడు పొద్దున ఎనిమిదికి వాడు అందర్నీ కిందికి పంపేశాడట. ఇంకో ముప్పై రాళ్ళు పెడితే అయిపోతుంది, నేను పెట్టుకొస్తానన్నాడట సైగలతో. తొమ్మిదీ పదికి నాకు ఫోను చేశాడు. రొప్పుతున్నాడు.

“అయిపోవచ్చిందక్కా. నాయనతో చెప్పు, సందుల్లో చిన్నవి గట్టిగా కొట్టినా.”

“ఇంక చాలు రా. దిగు.”

“దిగుతాండా.”

తొమ్మిదీ ఇరవైకి మంచు వచ్చింది. పదికి నలభై నిమిషాల ముందు.

ఆరు కుప్పల దగ్గరా చీలింది. చెరో పక్క లోయలోకి పోయింది. ఊళ్ళో ఒక్క ఇంటి మీద ఒక్క పిడికెడు పడలేదు. బిష్ణి అవ్వ ఇంటి ముందు ఆరేసిన గొంగళి అలాగే ఉందట.

నా తమ్ముడు మే నెల దాకా దొరకలేదు. మంచు కరిగాక, ఆరో కుప్పకు ఇరవై అడుగుల కింద, మంచు చీలిపోయిన అంచున కనబడ్డాడు. నేను కొనిచ్చిన చలికోటు ఒంటి మీదే ఉంది. కబురందగానే నేనూ నాయనా వెళ్ళాం. ‘ఇక్కడెందుకు, తీసుకుపోదాం’ అంటాడేమో నాయన అనుకున్నాను. అనలేదు. అక్కడే, వాడు దొరికిన చోటే గొయ్యి తీశారు.

ఆ ఊరివాళ్ళు ఇంటికొక రాయి తెచ్చి దాని మీద పేర్చారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చి రెండు పెట్టింది. బిష్ణి అవ్వ నా ఎదురుగా వచ్చి నిలబడింది. రెండు చేతులూ చేర్చింది. విడదీస్తుందేమోనని చూశాను. విడదీయలేదు, అలాగే పెట్టుకుని నిలబడింది. నేను ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చాను. తెలుగులోనే ఏడ్చాను, తప్పయిపోయింది, నాకు తెలీదు అని. ఆమె నా తల నిమిరింది. ఏమర్థమైందో ఏమో.

నాయన ఒక పెద్ద రాయి ఎత్తుకున్నాడు. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేశాడు. ఆ వంగిన నడుముతో, మూడు చోట్ల ఆగి, ఎగువకు మోసుకెళ్ళాడు. కొడుకు మీద పెట్టాడు. సందులో చిన్న రాయి ఒకటి దోపి, కదులుతుందేమోనని చేత్తో ఊపి చూశాడు.

నేల చూపులు చూస్తూ కిందికి దిగాడు. అప్పుడే విమానం ఒకటి కొండ మీద వరసలు వరసలుగా తిరుగుతోంది. కొత్త పటానికి లేజరు వేస్తున్నారు. నాయన తలెత్తి దాన్ని చాలాసేపు చూశాడు.

“ఈ కుప్ప గూడా పటంలో ఉంటాదా పాపా?”

“ఉంటాది నాయనా” అన్నాను. “తప్పకుండా ఉంటాది.”

“పోయినసారి గూడా ఉండె” అన్నాడు నాయన.